పన్ను పైసల ఆటకు బయలుదేరిన నాడు

పేరు పుష్పాబాయి, భర్త కిష్ట్యా. వయసు నలభై దాకా ఉంటుంది. కూలిపని. ఉండేది త్రిపురారం దగ్గరి తండా. మిర్యాలగూడ మేజిస్ట్రేటు గారి ఎదుట, ఎవరూ బెదిరించకుండా, నా అంతట నేనే చెబుతున్నాను.

1996 డిసెంబరులో సాగర్ దగ్గర టూరిస్టుల కోసం సర్కారు ఉత్సవం పెట్టింది. దాని ఖర్చు అమ్మకపు పన్నులోంచి ఇస్తున్నారని దుకాణాల వాళ్లకు కోపం. ఆ సంగతి మాకు తెలియదు. అక్కడ మా లంబాడీ ఆట ఆడడానికి తండా ఆడవాళ్లను పిలిచారు. నా తోడికోడలు జమున రానంది. "సిగ్గయితది అక్కా" అంది. నేనే లాక్కెళ్లాను.

ఉదయం తొమ్మిదింటికి హాలియా బజారులో దుకాణాల వాళ్లు మా వ్యాన్ ఆపారు. ముందు నిలబడింది బుచ్చయ్య సేటు. మాకు పూసలు, అద్దాలు అమ్మే మనిషి.

"మేం కట్టిన పన్నుతోటి మీరు చిందులేస్తరా? ఎనక్కి పోండ్రి" అన్నాడు.

నోరు మూసుకుని ఉండాల్సింది. నా నోరు ఊరుకోదు. దిగి, లంగా అంచు పట్టి చూపించాను. "సూడు సేటూ, గీ అద్దాలన్నీ నీ దుకాణంలనే కొన్న. పన్ను నా దగ్గర గుంజకుండనే అమ్మినవా? నా పైసలతోటి నేనాడుత, నీకెందుకు మంట?"

అందరూ గొల్లున నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది. జమున కిటికీలోంచి ఎడమ చెయ్యి చాపి, "రా అక్కా, లొల్లి వద్దు" అంటూ నా భుజం పట్టుకుంది. ఆయన విసిరిన కంకరరాయి ఆ చేతికి తగిలింది. నేను కళ్లారా చూశాను.

మిర్యాలగూడ దవాఖానలో డాక్టరమ్మ, చేయి వాచిపోతోంది, గాజులు కోయాలి అంది. మణికట్టు నుంచి మోచేతి పైదాకా తెల్లగాజులు. మగడు చచ్చిన రోజే మేము వాటిని తీస్తాం. జమున మగడు తులసీరాం బతికే ఉన్నాడు, కోదాడలో లారీలకు బస్తాలు ఎత్తుతాడు. నేను అడ్డం నిలబడ్డాను. "ఆయనొచ్చి సెప్పేదాక ముట్టనియ్య" అన్నాను. డాక్టరమ్మ బతిమాలింది, తిట్టింది, వేళ్లు నల్లబడుతున్నాయని చూపించింది. జమునే ఏడుస్తూ "కోయనియ్యి అక్కా" అంది. అయినా వినలేదు. అయ్యో, పెద్దదాన్నని విర్రవీగాను.

తులసీరాం వచ్చేసరికి పొద్దుగూకింది. "గాజులు మళ్ల తెస్తుంటి గద వదినా, చెయ్యి ఏడికెళ్లి తేవాలె?" అని నేలమీద కూలబడ్డాడు. మర్నాడు మోచేతి దాకా తీసేశారు.

రాయి విసిరింది బుచ్చయ్యే. చేయి పోవడానికి నేను కూడా కారణం. ఆ మాట చెబితే కేసు బలం తగ్గుతుందని మా తండా పెద్ద రూప్లా అన్నాడు. తగ్గనీ. అది కూడా రాయమని నేనే అడిగాను.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, కల్పించింది ఏమీ లేదు. ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేయమన్నారు, వేస్తున్నాను. నా తర్వాత చెప్పడానికి జమున బయట కూర్చుని ఉంది. ఆమెను ఈ వేలు అడగవద్దని మనవి.

(నిశాని) పుష్పాబాయి