చక్రం మారినా మూత మారకూడదు

వేదిక మీద పెద్దగా కూచున్న మా ఓనరు వెంకటరావుబాబుకీ, ఆఫీసు సూసుకుంటన్న ఆయన కోడలు గౌరమ్మకీ, సాలూరు లారీ ఓనర్లందరికీ, డ్రైవర్లకీ, క్లీనర్లకీ, ముందు వరసలో కూచుని ‘బేగి ముగించు’ అని కళ్ళతోనే సెప్తన్న మా ఇంటిది కూర్మమ్మకీ ఇవాళ పనికి సెలవు సెప్తన్న ఈ టైర్ల జగన్నాధం దండాలు. (నవ్వులు)

నిలబడి మాటాడమన్నారు గానీ, బాబూ, ఒక కుర్చీ ఏయించండి. ఇన్నేళ్ళూ షెడ్డులో నేల మీద కూలబడి పని సేసినోణ్ణి, నిలబడ్డం నాకు అలవాటు లేదు. (నవ్వులు) నవ్వకండి, నిజిం. లారీ చక్రం ఇప్పాలంటే పానా మీద కాలేసి తొక్కాల, మోకాళ్ళతో తోసుకుంటా చక్రాన్ని బయటికి లాగాల, మళ్ళా అలాగే ఎక్కించాల. తోసీసి తోసీసి ఆ మోకాళ్ళు ఇప్పుడు నా మాట ఇనడం లేదు. మొన్న రామతీర్థం కొండెక్కుదాం రమ్మని మా కూర్మమ్మ అంటే, నాను కింద బస్సు కాడే ఉండిపోనాను. ఉన్నోణ్ణి ఊరికే ఉన్నానా, ఆ బస్సు ఎనక టైరు అరిగిపోనాదని డ్రైవరుతో దెబ్బలాట పెట్టుకున్నాను. ఆవిడ దర్శనం సేసుకుని దిగొచ్చి, ‘దేవుడి కాడికొచ్చినా నీకు టైర్లేనా’ అన్నాది. అలిసిపోనాను బాబూ. ఆ ఒక్క ముక్క సెప్పుకుందామనే ఇవాళ మైకు కాడికి వచ్చినాను.

గౌరమ్మ ఆఫీసులోకి వచ్చిన కొత్తలో, చక్రాల్లో గాలి ఎంతున్నాదో సెప్పే సెన్సార్లు తెప్పించినాది. సూడ్డానికి టైరుకి గాలి పట్టే గొట్టం మీద ఎట్టే మూతే అది. డ్రైవరు ముందు చిన్న తెర ఉంటాది, ఏ చక్రంలో గాలి దిగితే ఆ చక్రం బొమ్మ ఎర్రగా ఎలుగుతాది. నాకు ఒళ్ళు మండింది. రాడ్డుతో టైరు మీద ఒక్కటి కొడితే సప్పుడు బట్టి గాలి సెప్పీగలను, నాకీ మూతలేటి అన్నాను. అయినా ఆ యమ్మ మూతలు బిగింపించీసినాది. కొన్నాళ్ళకే, నాను కొట్టి సూసి ‘బాగున్నాది, ఎల్లు’ అన్న టైరు దారిలో సన్నగా దిగిపోతంటే ఆ మూతే పట్టుకుంది. ఆ యమ్మదే రైటని ఆ రోజే సెప్పినాను, మైకులో మళ్ళా సెప్తన్నాను. (చప్పట్లు)

అయితే ఆ మూతకి ఒక తిక్క ఉన్నాది. ముందు చక్రం అరిగితే ఎనక్కీ, ఎనకది ముందుకీ మారుస్తాం కదా. అప్పుడు మూతలు ఇప్పీసి, ఏ చోటి మూత ఆ చోటే మళ్ళా బిగించాల. చక్రంతో పాటు మూత కూడా ఎల్లిపోనాదనుకోండి, ఎనక చక్రంలో గాలి దిగుతంటే తెర మీద ముందు చక్రం ఎర్రగా కనపడతాది. పోయినేడు శ్రావణంలో నాను మా మేనకోడలి పెళ్ళికి రాజాం ఎల్లిన రోజే అదీ జరిగినాది. షెడ్డులో తొందరపడి చక్రాలు మార్చీసినారు, మూతలు మర్సిపోనారు. మన డ్రైవరు నాగబాబు లోడుతో ఒరిస్సా ఘాటీ ఎక్కుతంటే ముందు ఎడం చక్రం ఎర్రగా ఎలిగింది. దిగి సూసినాడు, టైరు రాయిలాగున్నాది. తెర పాడైపోనాదనుకుని బండి ఎక్కించినాడు. ఎనక లోపలి టైరు పేలిపోనాది. లారీ కొండవారకి ఒరిగింది కాబట్టి సరిపోయింది, లోయ పక్కకి ఒరిగుంటే నాగబాబు మనకి లేడు.

ఆ కబురు పెళ్ళి బోజనాల కాడ వచ్చినాది. ఇస్తరి ముందునుంచి లెగిసొచ్చీసినాను. షెడ్డులో అందరిదీ ఒకటే మాట, ‘జగన్నాధం ఉంటే ఇలా జరగదు’ అని. మెచ్చుకుంటానే అన్నారు. ఆ మెచ్చుకోలే నా మెడకి సుట్టుకుంది. ఆ తరవాత నాను ఏ ఊరూ ఎల్లలేదు, జొరమొచ్చినా షెడ్డు మానలేదు. కంచం ముందు కూచున్నా సెవి ఫోను మీదే. లారీ ఘాటీ దిగిందన్న కబురొచ్చినదాకా నాకు కునుకు పట్టదు.

అప్పుడే ఒక మాట సెప్పినాను. తెర ఏటి సెప్పినా సరే, ఘాటీ కింద బండి ఆపాల, దిగి ప్రతి చక్రం రాడ్డుతో కొట్టి సూడాల, ఆ తరవాతే ఎక్కాల. మా పాత డ్రైవర్లందరిదీ అదే అలవాటు, తెరలొచ్చినాక వదిలీసినారు. ‘ముసిలోడి సాదస్తం’ అని నవ్వినోళ్ళు ఇక్కడే కూచున్నారు, పేర్లెందుకు లెండి. (నవ్వులు) ఆపుతన్నారో, ఆపకుండా ఎల్లిపోతన్నారో నాకు తెలీదు. నా బెంగంతా అదే.

ఇందాక వెంకటరావుబాబు శాలువా కప్పి, ఈ ఫోను నా సేతిలో ఎట్టినారు. మన లారీలన్నిటి గాలీ ఇందులో కనపడతాదంట. ‘మా జగన్నాధం ఇంట్లో ఉన్నా కన్ను మన చక్రాల మీదే’ అన్నారు, మీరంతా చప్పట్లు కొట్టినారు. మా కూర్మమ్మ కొట్టలేదు, నాను సూసినాను. బాబూ, మీరు ప్రేమతో ఇచ్చినారు, కాదనడానికి నోరు రావడం లేదు. అయినా సెప్తన్నాను, నాకిది వద్దు. నాకు నిద్ర కావాల. ఇది ఇంటికొస్తే...

(ఫోను మోగుతుంది.)

ఇదిగో, అప్పుడే అరుస్తన్నాది. నాగబాబు బండే. ఎనక కుడి, లోపలి చక్రం. గాలి లేదంటన్నాది. అందరూ నా మొకం సూస్తారేటి? గౌరమ్మా, ఆడికి నీ ఫోన్లోంచి సెయ్యమ్మా. మైకు కాడ ఎట్టు, అందరూ ఇంటారు.

(ఫోనులో నాగబాబు గొంతు: “ఆఁ, గౌరమ్మా! ఘాటీ కింద ఆపినాను. గాలి అప్పుడే దిగడం మొదలెట్టినాదేమో, తెర ఏటీ సెప్పలేదు గానీ రాడ్డుతో కొడితే ఎనక లోపల్ది మెత్తగా పలికింది. స్టెప్నీ ఏస్తన్నాను. మూత ఇప్పినాను కదా, అందుకే మీ కాడ ఫోను అరిసుంటాది. అదే మూత స్టెప్నీకి బిగించీసి బయల్దేరతాను. జగన్నాధం మావకి శాలువా కప్పినారా? ఫోనెట్టీ అమ్మా, సేతులు కాళీ లేవు.”)

(నవ్వులు, చప్పట్లు.)

ఆగినాడు. మూత సంగతి కూడా మర్సిపోలేదు. బాబూ, దాసుకోడమెందుకు, కొంచెం సివుక్కుమంది. నాను లేకపోతే జరగదన్న మాట నమ్మీసినాను కదా ఇన్నాళ్ళూ. కానీ ఆడి గొంతు ఇన్నాక, మెడ మీంచి ఏదో దించినట్టున్నాది. గౌరమ్మా, ఈ ఫోను నీ కాడే ఉంచు. శాలువా ఉంచుకుంటాను, సలికాలం పనికొస్తాది. (నవ్వులు)

నాకు అన్నం ఎట్టిన బాబుగారికీ, నా తిట్లు కాసిన మీ అందరికీ మళ్ళా దండాలు. ఎవరైనా సెయ్యందించి ఈ మెట్లు దింపండి. కూర్మీ, లెగు, ఇంటికెల్దాం. ఇవాళ నా సొంత ఫోను కూడా కట్టీసి పడుకుంటాను, పొద్దెక్కినా నన్ను లేపకు. సెలవు.