బెంచీకి పదిమంది

మా కాలనీ సంఘం మీటింగుకి సెక్రటరీనైన నేనూ కుర్చీలూ తప్ప ఎవరూ రారు. ఇవాళ పక్కింటి టైలరుగారొచ్చారు.

"అన్నయ్యగారూ, పార్కులో మేమడిగిన బెంచీ ఏమైంది? మా ఆవిణ్ణి డాక్టరు రోజూ నడవమన్నాడు. నాలుగడుగులేస్తే ఆవిడ కూర్చోవాలి."

"చెల్లెమ్మని కాస్త ఓపిక పట్టమనండి. మీటింగులో పదిమంది ఒప్పుకుంటేగానీ వెయ్యకూడదు, రూలు."

"ఆ పదిమందీ ఎప్పుడొస్తారు?"

"సంతాపసభకైతే అందరూ వస్తారండీ. మొన్న లెక్కల మాస్టారు పోతే నలభైమంది! అప్పటికప్పుడే పార్కులో లైటుకి ఒప్పేసుకున్నారు, ఆయన పేరు మీద."

"ఆయన అడిగిన లైటేనా?"

"ఆఁ, మూడేళ్లు అడిగారు పాపం."

టైలరుగారు మెడలో టేపు సర్దుకున్నారు.

"అయితే మా ఆవిడ బెంచీ కూడా ఖాయమేనన్నమాట. ఇంటికెళ్లి ఏం చెప్పమంటారు?"

రూల్సు పుస్తకం తిరగేశాను, అందులో లేదు. బాబ్బాబు, ఇది చదివే మీకేమైనా తోస్తే చెప్పండి. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తోంది.