కోటు తొడుక్కొని ఉరుకు

మొయినాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్. పొద్దున్నే యజమాని, వాచ్‌మన్ కుక్కల బోను ముందు నిలబడి ఉన్నారు.

"నిన్న మా ఎనక నిలబడి కౌబాయ్ సినిమా చూసినవు గద. ఎట్లున్నది?"

"మంచిగున్నది సార్. బానిసోడు ఆఖరికి దొరను కాల్చేసిండు."

"నేనైతే విజిల్ కొట్టిన. పారిపోయినోణ్ణి కుక్కలు పట్టినయి చూడు, మనవి గట్ల పట్టాలె. ఈ దూది కుక్కిన మందం కోటు తొడుక్కొని గేటు దాక ఉరుకు."

"కరుస్తయి సార్."

"సాయంత్రం ఫ్రెండ్స్‌కు చూపియ్యాలె. భయమైతే రూము ఖాళీ చెయ్యి, భార్యను తీస్కొని పో."

అతను కోటు తొడుక్కుని పరుగెత్తాడు. యజమాని బోను తీశాడు. కుక్కలు గేటు దగ్గర అతన్ని అందుకుని చేతులు నాకాయి. అతను వాటితోనే తిరిగి వచ్చాడు.

"ఏందిరా ఇది?"

"దినాం నేనే తిండి పెడుత. నన్నెందుకు కరుస్తయి సార్?"

"అట్లయితే హిమాయత్‌నగర్ నుంచి మీ తమ్ముణ్ణి పిలువు. వాణ్ణి ఇవి ఎరుగవు గద."

"కోటు వానికి పట్టది సార్."

"కోటెందుకు? సినిమాల పారిపోయినోనికి ఉండెనా?"

"తమ్ముని దాక ఎందుకు సార్? మీరు ఆదివారం వచ్చి పోతరు. వీటికి ఎన్నడు ముద్ద పెట్టలే."

"అంటే?"

"గేటుకు తాళమేసే వచ్చిన. ఉరుకుండ్రి సార్."