లేని బ్రేకు

ఇంగ్లండులోని కోవెంట్రీలో పాత స్పోర్ట్స్ కార్ల సీట్లు, తివాచీలు కుట్టే కొట్టు అది. కుట్టే ఆవిడ ఓ ముసలాయన కారులో తల దూర్చి ఎంతకీ బయటికి రాలేదు. ఒక సంగతి ఆమెకు అంతుపట్టలేదు.

"పెద్దాయనా, మీ మడమ కింద తివాచీ అరిగిందంటే అర్థముంది. పక్క సీటు ముందు ఇంత చిల్లేమిటి? అక్కడ పెడలే లేదుగా."

"అది మా ఆవిడ డోరీన్ పని."

"కాలితో ఏం చేసేవారు?"

"బ్రేకు వేసేది. నలభై ఏళ్లు, ప్రతి మలుపులోనూ. మెల్లగా పొమ్మని ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు."

"మరి మీరు తగ్గించేవారా?"

"ఆ కాలు కదిలిందంటే తగ్గించేవాణ్ణి. ఒప్పుకునేవాణ్ణి కాదనుకో."

"ఈసారి ఆవిడను కూడా తీసుకురండి. అంత గట్టి కాలు చూడాలనుంది."

"మార్చిలో పోయిందమ్మా."

కుట్టే ఆవిడ ఓ కప్పు టీ ఆయన చేతికిచ్చింది. మళ్లీ కారు దగ్గరికొచ్చి అడిగింది.

"తివాచీ మొత్తం కొత్తది వేయమన్నారు. ఈ ముక్క కూడా తీసేయనా?"

"నా వైపు కొత్తది వెయ్యి. అటు మాత్రం ముట్టుకోకు. ఇంటికెళ్లే దారంతా మలుపులే."