అన్నయ్య పీపా

నేలమాళిగలో రెడ్ వైన్ పీపాల మధ్య వదినా మరిదీ చెరో గ్లాసు పట్టుకుని నిలబడ్డారు.

"వదినా, కుదిరింది! మన తోటలోని మూడు రకాల ద్రాక్షా ఈసారి అచ్చం అన్నయ్య కలిపినట్టే కలిశాయి. ఆయన పీపాలోదీ ఇదీ ఒకటే రుచి."

"నిజంగానా?"

"ఒట్టు. ఆయన పోయే ముందు కలిపినవాటిలో అదొక్కటేగా మిగిలింది. ఇన్నేళ్ళుగా రుచి చూస్తూనే ఉన్నాం, ఇంకా అంచుదాకా ఉందే!"

"వెలితిగా ఉంచితే పులిసిపోతుందని మీ అన్నయ్యే అనేవారు. అందుకే తీసినప్పుడల్లా నింపుతూ వచ్చాను."

"దేంతో?"

"ఏటా మనం కలిపిందాంతోనే."

అతను గ్లాసు దించాడు.

"అయితే ఆ పీపాలో అన్నయ్య ఎంత మిగిలినట్టు వదినా?"

"తెలీదు. నాతో మాత్రం ఇంకా కుదరలేదనే చెప్పు బాబూ. రేపు మళ్ళీ ఆయన పీపా తెరుద్దాం."