ఎర్రగీత పడ్డ వాక్యం

కెనడాలో, విన్నిపెగ్ కాలేజీలో వ్యాసాలు దిద్దుకోవడానికి సాయం చేసే గది అది. ఎదుట కూర్చున్న అమ్మాయి ఒకే ఒక్క ఎర్రగీత చూపిస్తోంది, అక్కడ పనిచేసే హెల్గాకి.

"ఈ వాక్యం కాపీ అంటోంది మేడమ్, కాపీలు పట్టే కంప్యూటరు. అర్థం చెడకుండా మాటలు మార్చమన్నారు సారు."

"ఏదీ, చదువు."

"'సరస్సు మీద మంచు విరిగి, మా నాన్న వలతో సహా లోపలికి వెళ్ళిపోయాడు.'"

"ఎందులోంచి తీసుకున్నావమ్మా?"

"నేనెక్కడా తీసుకోలేదు. ఆ రోజు ఒడ్డున రిపోర్టరుకి చెప్పాను. ఆయన అలాగే పేపర్లో వేశాడు."

"అయితే నీ మాటేగా! సారుకి చెప్పలేదా?"

"చెప్పాను. పాపమే గానీ కంప్యూటరు వినదు, మార్చెయ్యమన్నారు. మీరే ఓ మాట అందించండి."

"అందించకూడదు తల్లీ, ఇక్కడ రూలు. నేను ప్రశ్నలే అడగాలి."

"అడగండి."

రోజూ అందరినీ అడిగే ప్రశ్నే హెల్గా నోట గొణుగుడులా వచ్చింది.

"దీన్ని... ఇంకోలా ఎలా చెప్పొచ్చు?"

"ఇంకోలా జరగలేదు కదా మేడమ్."