హాలు మధ్య గోడ

మూడోసారి వచ్చిన మెకానిక్ సబ్‌వూఫర్ ముందు గొంతుక్కూర్చుని నాబ్ తిప్పుతున్నాడు. ఇంటాయన వెనకే నిలబడ్డాడు.

“ఇంకా గుమ్మంటోందయ్యా! నెత్తిమీద రోలు దొర్లిస్తున్నట్టుంది.”

“మూలలోంచి జరిపాను, బేస్ సగానికి తగ్గించాను. తల ప్రాణం తోకకొస్తోంది సార్! ఇది పెద్ద హాలుకి సరిపోయే పెట్టె. మీ గదేమో అగ్గిపెట్టంత.”

“కొన్నప్పుడు హాలు పెద్దదే. పోయిన నెల మధ్యలో గోడ కట్టాం. అవతలి సగం మా తమ్ముడిది.”

“మరి ఈ మోతకి ఆయనేమీ అనలేదా?”

“అప్పట్నుంచీ మాకు మాటల్లేవు.”

“గోడ అదురుతోంది సార్. అవతల ఎలా వినపడుతోందో తెలిస్తేగానీ సరిచెయ్యలేను. అడిగి రండి.”

“నువ్వే అడుగు.”

“నాబ్ ఎవరు తిప్పుతారు? మీరా?”

ఇంటాయన విసుక్కుంటూ వెళ్లాడు. మెకానిక్ పాట పెట్టి, గోడకేసి అరిచాడు.

“ఎలా ఉంది సార్?”

జవాబు లేదు. కొంచెం తగ్గించాడు.

“ఇప్పుడో?”

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్లు మండి, ఇంకాస్త తగ్గించాడు.

“సార్! ఏదో ఒకటి చెప్పండి!”

అవతల్నుంచి ఇంటాయన కసురుకున్నాడు.

“కాసేపు కట్టెయ్యవయ్యా! మావాడు మాట్లాడేది వినపడి చావట్లేదు.”